కొరింథులో కడబంతి

పొద్దు గుంకింది. అక్రోకొరింథు కొండ కొమ్మున మాత్రం ఇంకా కాస్త ఎండ మిగిలింది. లెకాయాన్ రేవు నుంచి ఊళ్ళోకి వచ్చే బాట మీద మీరు కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నారు. క్రీ.శ. 55, ఒక ఏడాది అటో ఇటో. పగలంతా ఓడల్లోంచి ధాన్యం బస్తాలు దించారు. మీరొక బానిస. యజమాని పొమ్మంటే తప్ప కదలడానికి లేదు. వారం మొదటి రోజున క్రీస్తు విశ్వాసులు కూడుకుంటారని తెలుసు, కానీ ఆదివారం సెలవన్నది ఇంకా పుట్టలేదు. దానికి 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆజ్ఞ దాకా ఆగాలి.

ఈ ఊరికి పాత గొప్పింటివాళ్ళు లేరు. క్రీ.పూ. 146లో రోమన్ సేనాని ముమ్మియస్ దీన్ని నేలమట్టం చేశాడు. వందేళ్ళకి, క్రీ.పూ. 44లో, జూలియస్ సీజర్ మళ్ళీ నిలబెట్టి, విడుదల పొందిన బానిసల్ని ఎక్కువగా తెచ్చి కాపురం పెట్టించాడు. అందుకే ఇక్కడ అందరికీ పైకి ఎగబాకాలన్న యావే. ఎవరు ఎంత ఎక్కారన్నది భోజనాల దగ్గర తేలిపోతుంది.

గాయు ఇంటికి చేరారు. కొరింథు సంఘమంతటికీ ఆతిథ్యమిచ్చేవాడని అపొస్తలుడు పౌలే రాసిన గాయు. ఆయన ఇల్లు ఎలా ఉండేదో ఊహించాలంటే, ఊరి శివార్లలో అనాప్లోగా దగ్గర తవ్వకాల్లో బయటపడ్డ పెద్దింటిని తలుచుకోవచ్చు. అందులో భోజనాల గది సుమారు 5.5 మీటర్ల వెడల్పు, 7.5 మీటర్ల పొడవు. పక్కకి ఒరిగి తినే పానుపులు వేస్తే తొమ్మిదిమందికి చాలు. మిగతావాళ్ళు ముంగిట్లో నిలబడాలి, లేదా నేల మీద చతికిలబడాలి.

లోపలివాళ్ళు మధ్యాహ్నం నుంచే తింటున్నారు. ద్వారంలోంచి కాల్చిన మాంసం వాసన వస్తోంది. ఒకాయన మాట అప్పుడే ముద్దముద్దగా ఉంది. మీ చేతికి రొట్టె అంచు ఒకటి వచ్చింది, నాలుగు ఆలివ్ పళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారు మన వైపు. ఇక్కడ వడ్డించేవాడూ మీలాంటి బానిసే. కుండలో ఏమీ మిగలనప్పుడు వాడు మాత్రం ఏం చేస్తాడు?

గాయు చెడ్డవాడనుకోకండి. అది లోకం తీరు. ఆ శతాబ్దం చివర్లో ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి తాను వెళ్ళిన ఒక విందు గురించి రాశాడు. ద్రాక్షారసం మూడు రకాలట. ఒకటి ఇంటాయనకీ దగ్గరివాళ్ళకీ, ఒకటి చిన్న స్నేహితులకి, ఒకటి విడుదలైన బానిసలకి. ప్లినీకి అది నచ్చలేదు. కానీ ఎవరూ లేచిపోయినట్టు లేదు.

ఇవాళ ఎఫెసు నుంచి పౌలు ఉత్తరం వచ్చింది, మన బైబిల్లోని మొదటి కొరింథీ పత్రిక. చదివేవాడు గదికీ ముంగిలికీ మధ్య గుమ్మంలో నిలబడ్డాడు, రెండు వైపులవాళ్ళకీ వినబడాలి కదా. మొత్తం చదవడానికి దాదాపు గంట. మొదట వర్గాల గొడవ, తర్వాత ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కిన గొడవ. మీకు వాటితో పనిలేదు. కోర్టుకెక్కాలంటే ముందు ఆస్తి ఉండాలి.

మాంసం మాట రాగానే మీ చెవి అటు పడింది. బజారులో అమ్మే మాంసంలో కొంత గుళ్ళో బలి ఇచ్చింది. తినొచ్చా, కూడదా? లోపలి గదివాళ్ళ వాదన గట్టిదే: విగ్రహంలో ఏమీ లేదు, దేవుడొక్కడే, ఇక మాంసానికేం దోషం? పౌలు కాదనడు. భూమీ దాన్లోని సమస్తమూ ప్రభువుదేనన్న 24వ కీర్తనని తానే తెచ్చి వాళ్ళ పక్షాన పెడతాడు. అంతలోనే తిరగేస్తాడు. మీ పక్కన కూర్చున్న మనిషి నిరుటిదాకా ఆ గుడికే వెళ్ళినవాడు. ఆ ముక్క నోట పెడితే పాత భయం, పాత భక్తి రెండూ లేచి కూర్చుంటాయి. నీకు తెలిసినదాని వల్ల వాడు పడిపోతే ఆ తెలివి ఎందుకు, అలాగైతే నేను మాంసమే ముట్టను అంటాడు పౌలు. పక్కింటివాళ్ళు ప్రసాదం పంపినప్పుడు మన తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో జరిగే వాదనకి ఈ అధ్యాయాలే ఆధారం. తినొచ్చన్నవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ వీటినే చూపిస్తారు. తప్పు పదార్థంలో ఉందా అని వెతకడం మాని పక్కవాడి మనస్సాక్షి వైపు చూడమన్న సంగతే ఆ వాదనలో జారిపోతుంది.

ఆ మాంసం మాటల మధ్యలోనే ద్వితీయోపదేశకాండంలోని ఎద్దూ వచ్చింది. కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదన్న ఆజ్ఞ. పనిచేసేవాడికి పంటలో హక్కుందనడానికి పౌలు దాన్ని వాడుకున్నాడు. వెంటనే, ఆ హక్కు నేను మాత్రం వాడుకోలేదన్నాడు. ఈ ఊళ్ళో ఉన్నప్పుడు డేరాలు కుట్టిన మనిషి మరి. పొద్దుట నుంచి మోసిన బస్తాల్లో ఒక్క గింజ మీది కాదు. చిక్కం సంగతి మీకొకరు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక భోజనం దగ్గరికొచ్చాడు. ఇక్కడ ఆయనకి కోపం దాగలేదు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి ఉన్నాడు, దీన్ని ప్రభువు భోజనమని ఎలా అంటారని అడిగాడు. తినడానికి మీకు ఇళ్ళు లేవా, లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అన్నాడు. లోపల పానుపు కిర్రుమంది, ఎవరో లేచి కూర్చున్నట్టున్నారు. ఇవాళ మన చర్చిల్లో చిన్న రొట్టెముక్క, గుటకెడు ద్రాక్షరసం. ఆనాడు అది కడుపు నింపాల్సిన భోజనం. యేసు పట్టుబడ్డ రాత్రి రొట్టె విరిచిన వైనమంతా తిరిగి చెప్పి, చివరికి పౌలు అడిగింది ఇంతే: తినడానికి కూడినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగండి. ఇంత పెద్ద ఉపోద్ఘాతానికి ఇంత చిన్న ఆజ్ఞా అనిపిస్తుంది. కానీ రేవులో పని ముగిసేదాకా తొమ్మిదిమంది పెద్దమనుషులు మాంసం చల్లారబెట్టుకుని కూర్చోవడమంటే, ఆ ఊళ్ళో అది చిన్నదేం కాదు.

సంఘం ఒక దేహం, మీరంతా దాని అవయవాలు అన్న పోలికా ఈ ఉత్తరంలోదే. రోమన్లకి అది పాత కథ. పేదలు అలిగి ఊరు విడిచిపోతే మెనేనియస్ అగ్రిప్పా వెళ్ళి, అవయవాలు పొట్టకి పనిచేయకపోతే అన్నీ చస్తాయని చెప్పి వెనక్కి తెచ్చాడని లివీ రాశాడు. పనివాడు పనిలోకి రావడానికి అల్లిన కథ అది. పౌలు దాన్ని తలకిందులు చేశాడు. బలహీనమైన అవయవమే లేకపోతే గడవనిది, తక్కువదానికే దేవుడు ఎక్కువ ఘనత ఇచ్చాడు అన్నాడు.

ఆ వెంటనే ప్రేమ అధ్యాయం. మన పెళ్ళిళ్ళలో మెత్తగా, మురిపెంగా చదువుతారు దాన్ని. ఈ ముంగిట్లో నిలబడి వింటే ఆ మెత్తదనం లేదు. ప్రేమకి లేవన్న గుణాలు చాలావరకు లోపలి గదిలో ఉన్నవే: ఉబ్బిపోవడం, డంబం, తన సుఖమే చూసుకోవడం. ఉత్తరం మొదటి నుంచీ ఆయన వాళ్ళని ఉబ్బిపోయారనే తిడుతున్నాడు. పొరుగువాణ్ణి నీలా ప్రేమించమన్న లేవీయకాండం 19వ అధ్యాయం పొలం అంచు కోయకుండా పేదకి వదలమంటుంది, కూలి తెల్లారేదాకా ఆపొద్దంటుంది. ఆ ప్రేమ పుట్టిల్లు అది.

ఉత్తరం చివర యెరూషలేము పేదల కోసం చందా. వారం మొదటి రోజున ఎవరికి కలిగినంత వాళ్ళు పక్కన పెట్టమన్నాడు. కొరింథువాళ్ళు నానబెట్టినట్టున్నారు, రెండో ఉత్తరంలో మళ్ళీ అడగాల్సి వచ్చింది. ఈసారి మన్నా కథ ఎత్తాడు: అరణ్యంలో ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తక్కువ కాలేదు. చివరికి కొరింథు ఉన్న అకయ ప్రాంతంవాళ్ళు ఇచ్చారని రోమా పత్రికలో రాశాడు.

గొడవలు మాత్రం పోలేదు. ఆ శతాబ్దం ముగిసే వేళకి రోము సంఘం కొరింథుకి ఒక పొడవాటి ఉత్తరం పంపింది. క్లెమెంతు పేరుతో అది ఇప్పటికీ ఉంది. పెద్దల్ని తోసేసి మళ్ళీ వర్గాలు కట్టారట. పౌలు మీకు రాసిన ఉత్తరం ఒకసారి తీసి చూడండి అని రోమువాళ్ళు గుర్తు చేశారు.