కప్పగుడ్డులో జన్యువుల మేలుకొలుపు

తొలివానలకు చేవెళ్ల, మొయినాబాద్ కుంటల్లో నీళ్లు నిలిచాయంటే కప్పలు గుడ్లు పెడతాయి. జిగురులో ఒదిగిన ఒక్కో గుడ్డూ ఆవగింజంత, పైన నల్లగా, కింద తెల్లగా ఉంటుంది. అందులో తల ఎటు రావాలో, తోక ఎటు రావాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఈ ప్రశ్నకు 1924లో జర్మనీలో పెద్ద ఆధారం దొరికింది. కప్పకు బంధువైన న్యూట్ పిండం నుంచి చిన్న ముక్క తీసి, హిల్డే మాంగోల్డ్ మరో పిండం పొట్టవైపు అతికించారు. అక్కడ రెండో పిండం రూపుకట్టింది. చుట్టూ ఉన్న కణాలను ఆ ముక్కే నడిపిస్తోందని తేలింది. ఆమె అదే ఏడాది అగ్నిప్రమాదంలో కన్నుమూశారు. గురువు హాన్స్ స్పీమాన్‌కు 1935లో నోబెల్ వచ్చింది.

1962లో శాస్త్రవేత్త జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని, సొంత కేంద్రకం పనిచేయని గుడ్డులో పెట్టి కొత్త జీవిని పెంచారు. అంటే పేగు కణంలోనూ జన్యువులన్నీ పదిలంగానే ఉంటాయి. తేడా అంతా ఏవి పనిచేస్తున్నాయి, ఏవి నిద్రపోతున్నాయి అన్నదే.

మరి అవి మేల్కొనేదెప్పుడు? ఆఫ్రికా కప్ప జెనోపస్‌లో న్యూపోర్ట్, కిర్ష్నర్ అనే శాస్త్రవేత్తలు 1982లో దీన్ని లెక్కగట్టారు. మొదటి పన్నెండు విభజనల వరకు, అంటే సుమారు 4,000 కణాలయ్యేదాకా, పిండం తల్లి గుడ్డులో దాచిపెట్టిన ఎంఆర్ఎన్ఏ (జన్యువుల సందేశాలు) మీదే బతుకుతుంది. ఆ తర్వాతే సొంత జన్యువులు జోరందుకుంటాయి. 1991లో, మాంగోల్డ్ కత్తిరించిన ముక్కకు సరిపోయే చోటే కప్ప పిండంలో గూస్‌కాయిడ్ అనే జన్యువు పనిచేస్తోందని డి రాబర్టిస్ బృందం చూపింది. దాని ఎంఆర్ఎన్ఏను పొట్టవైపు ఎక్కిస్తే అక్కడా రెండో వెన్ను మొదలైంది.

ఒడిశాలో ప్రియంబదా మొహంతి హెజ్మాది బృందం 1992లో ‘నేచర్’ పత్రికలో మరో వింత ప్రకటించింది. యూపెరోడాన్ సిస్టోమా అనే కప్ప పిల్లల తోక కత్తిరించి విటమిన్ ఎ ఇస్తే, తోక రావాల్సిన చోట కాళ్లు మొలిచాయి. విటమిన్ ఎ వల్ల జన్యువుల పని తారుమారైతే శరీర పటమే మారిపోతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఇదంతా చూడాలంటే ముందు కుంటలు మిగలాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, 111 జీవో, 84 గ్రామాలకు వర్తించింది. మొయినాబాద్ ప్రాంతమూ అందులో ఉంది. కాగితం మీది రక్షణ ఏమైనా, వానాకాలపు కుంటను పూడ్చకుండా, పురుగుమందు కలవకుండా చూసుకోవడం మన చేతుల్లో పని. ఈ వానలకు మీ పిల్లలను కుంట గట్టుకు తీసుకెళ్లి ఆ గుడ్లు చూపించండి.