స్ట్రెయినర్ (పైపులైను జల్లెడ)

పైపులో పారే ద్రవంతోనో ఆవిరితోనో కొట్టుకొచ్చే చెత్త పంపుకో వాల్వుకో మీటరుకో చేరకముందే దాన్ని పట్టి ఆపే లోహపు జాలిని పరిశ్రమల్లో స్ట్రెయినర్ అంటారు. ద్రవాన్ని శుభ్రం చేయడం దీని పని కాదు. తన తర్వాత వచ్చే యంత్రాన్ని కాపాడడమే దీని పని. ఈ తేడా పట్టించుకోని చోటల్లా, జాలి ఎంత సన్నమైతే అంత మేలన్న పొరపాటు జరుగుతూనే ఉంది. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె చుట్టుపక్కల స్ట్రెయినర్ల ఎంపిక రెండు రకాలుగా సాగుతుంది: యురేనియం మిల్లులో ఒక తీరు, పులివెందుల అరటి, చీనీ తోటల డ్రిప్పులో మరో తీరు. రెండుచోట్లా చెత్త స్వభావాన్ని శాసించేది నేల అడుగున ఉన్న డోలమైటు రాయే.

నీళ్లు వడకట్టడం పాత విద్యే. బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు పట్టడం, చిల్లగింజను గంధంలా అరగదీసి మురికి నీళ్లలో కలిపి మడ్డిని అడుగుకు దించడం మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నాయి. ఆ గింజనే సుశ్రుత సంహిత కతకం పేరుతో చెప్పింది. గ్రీకు వైద్యుడు హిపోక్రాటిస్ పేరు మీద ఒక గుడ్డసంచి వడపోత ప్రసిద్ధి. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లోని చెల్సీ వాటర్‌వర్క్స్‌లో ఇసుక వడపోత పడకలు కట్టాడు. ఇవన్నీ తాగేవాళ్ల కోసం పుట్టినవి. యంత్రం కోసం జాలి పెట్టాల్సిన అవసరం ఆవిరి యుగంతో వచ్చింది. బాయిలరు నుంచి వచ్చే తుప్పు పెళ్లలు, పైపు లోపలి పొలుసులు వాల్వు కూర్చునే చోట ఇరుక్కుంటే వాల్వు మూతపడదు, ఆవిరి కారుతూనే ఉంటుంది. ఓడల అడుగున చేరే నీటిని తోడే పైపు మూతికి చిల్లుల పెట్టె బిగించడం, బావిలోకి దించే ఫుట్ వాల్వు చుట్టూ జాలి ఉండడం ఇదే కోవలోవి.

1910లో అమెరికాలోని టైలర్ కంపెనీ ప్రామాణిక జల్లెడల వరుసను తెచ్చాక జాలి సన్నదనానికి అందరికీ ఒకే లెక్క దొరికింది. అంగుళం పొడవున ఎన్ని గళ్లుంటే అన్ని మెష్. 100 మెష్ అంటే దాదాపు 150 మైక్రాన్ల కన్నం, 200 మెష్ అంటే 75 మైక్రాన్లు. అయితే అల్లిన తీగ మందాన్ని బట్టి అదే మెష్‌లో కన్నం పెద్దదో చిన్నదో కావచ్చు. అందుకే మెష్ ఒక్కటే రాసి మైక్రాన్లు రాయని కొటేషన్‌ను తిప్పి పంపడం మంచిది.

రకాల్లో ఎక్కువగా కనిపించేది వై ఆకారపు స్ట్రెయినర్. చోటు తక్కువ పడుతుంది, ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది, చెత్త మాత్రం కొంచెమే పడుతుంది. నీటి లైనులో దాని కాలు కిందికి ఉండాలి. అడ్డంగా సాగే ఆవిరి లైనులో ఆ కాలును పక్కకు తిప్పి పెట్టాలి. కిందికి ఉంటే అందులో నీరు నిలిచి, ఆవిరి వేగానికి లేచి వాల్వును సుత్తిదెబ్బలా కొడుతుంది. కాగితం మీద ఇంత చిన్న విషయం, ఫిట్టరు పొరపాటున తిప్పేస్తే ఏళ్ల తరబడి ఎవరికీ అంతుబట్టదు. చెత్త ఎక్కువగా వచ్చే చోట బాస్కెట్ స్ట్రెయినర్ నయం. లైను ఆపడానికి వీల్లేని చోట రెండు బుట్టలుండే డూప్లెక్స్ వాడతారు. ఒకటి పనిచేస్తుంటే రెండోది కడుగుతారు. కొత్తగా వెల్డింగ్ చేసిన లైనులో మొదటి రోజుల్లో ఎలక్ట్రోడ్ ముక్కలు, మసి పెళ్లలు వస్తాయి. వాటికోసం శంకువు ఆకారపు తాత్కాలిక జాలి పెట్టి, లైను శుభ్రమయ్యాక తీసేస్తారు. తీయడం మరిచిపోతే అదే అడ్డంకి అవుతుంది.

ఎంపికలో అసలు లెక్క వైశాల్యానిది. జాలి కన్నాలన్నీ కలిపితే వచ్చే వైశాల్యం పైపు అడ్డుకోతకు కొన్ని రెట్లు ఉండాలి, అప్పుడే సగం పూడుకున్నా ప్రవాహం ఆగదు. జాలికి ముందొకటి, తర్వాతొకటి ప్రెషర్ గేజీ పెట్టాలి. రెండింటి తేడా పెరిగిందంటే జాలి కడగాల్సిన వేళయింది. పంపు పీల్చుకునే వైపున అయితే ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ జాలి పూడితే పంపులో ఆవిరి బుడగలు పుట్టి, పగిలి, ఇంపెల్లరును తినేస్తాయి. పంపును కాపాడడానికి పెట్టిన జాలే పంపును చెడగొట్టే తీరిది.

దేశంలో యురేనియం మిల్లుల కథ 1960ల చివర జార్ఖండ్‌లోని జాదుగూడతో మొదలైంది. అక్కడ ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లెలో ఆ దారి కుదరలేదు. ఇక్కడ యురేనియం వేంపల్లె శిలాశ్రేణికి చెందిన డోలమైటులో ఉంది. కార్బనేటు రాయి ఆమ్లాన్నంతా తానే తాగేస్తుంది. అందుకని యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్) సోడియం కార్బనేటు, బైకార్బనేటు ద్రావణంతో, ఆటోక్లేవులో వేడి, ఒత్తిడి, ఆక్సిజన్ కలిపి కరిగించే క్షార పద్ధతిని దేశంలో తొలిసారి ఇక్కడే పెట్టింది. 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో మిల్లు మొదలైంది. రోజుకు 3000 టన్నుల ఖనిజానికి కట్టిన మిల్లు ఇది. ఖనిజంలో యురేనియం పాలు (గ్రేడు) 0.05 శాతం లోపే కాబట్టి అంత రాయిలోనూ యురేనియం ఒకటిన్నర టన్నుకు మించదు. మిగిలినదంతా పిండి చేసి, పైపుల్లో తిప్పి, వడకట్టి బయట పారేయాల్సిన రాయే.

ఇలాంటి మిల్లులో స్ట్రెయినర్ ఎక్కడ పెట్టాలన్నదాని కంటే ఎక్కడ పెట్టకూడదన్నదే ముందు తేలాలి. రాతి పిండి కలిసిన చిక్కని బురదకు వై స్ట్రెయినర్ అడ్డం పెడితే కాసేపట్లోనే పూడిపోతుంది, పూడకపోతే రాపిడికి జాలి చిరుగుతుంది. గనిలోంచి ఖనిజంతో పాటు వచ్చే కర్ర పేళ్లు, తీగ ముక్కలు, ప్లాస్టిక్ పీలికలను మర దగ్గరే వెడల్పాటి చెత్త జల్లెడతో ఏరేయాలి. బురద నుంచి ద్రావణాన్ని విడదీయడానికి తుమ్మలపల్లెలో అడ్డంగా కదిలే బెల్టు ఫిల్టర్లు వాడతారు. స్ట్రెయినర్లకు తగిన చోటు ఆ తర్వాతి తేట ద్రావణపు లైన్లు, నీటి లైన్లు, ఆవిరి లైన్లు. అక్కడ జాలి ఏ లోహంతో చేసిందన్నది చూడాలి. జింకు పూత తీగనూ అల్యూమినియాన్నీ వేడి క్షారం తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలు నిలబడుతుంది. కార్బనేటు ద్రావణం చల్లారితే స్ఫటికాలు కడుతుంది, అంటే ఆగిపోయిన లైనులో ద్రావణమే చెత్తగా మారుతుంది. పులివెందుల ఎండల్లో ఈ బెడద తక్కువే కానీ షట్‌డౌన్‌లో లైను కడగకుండా వదలడం ఎక్కడైనా తప్పే. చివరికి ఇక్కడ తయారయ్యే సోడియం డైయురేనేటు అణు ఇంధనానికి ముడిసరుకు.

అదే అణు పరిశ్రమ స్ట్రెయినర్ గురించి తన పెద్ద పాఠాన్ని స్వీడన్‌లో నేర్చుకుంది. 1992 జులై 28న బార్సెబెక్ అణు కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు అనుకోకుండా తెరుచుకుంది. దూసుకొచ్చిన ఆవిరి పక్క పైపులకు చుట్టిన ఖనిజ ఉన్నిని చీల్చి కింది నీటి మడుగులోకి కొట్టింది. అత్యవసరంగా నీళ్లు చల్లే పంపుల జాలి అనుకున్న దానికంటే చాలా ముందే పూడిపోయింది. జాలి లెక్కలో ఉన్న చెత్త వేరు, వచ్చిన చెత్త వేరు. స్వీడన్ అదే రకం 5 రియాక్టర్లను ఆపి జాలీలు మార్చింది. అమెరికా అణు నియంత్రణ సంస్థ కూడా ఏళ్ల తరబడి ఇదే సమస్య మీద పనిచేసి 2004లో ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్ల ఆపరేటర్లందరికీ ఉమ్మడి లేఖ (జెనరిక్ లెటర్) పంపింది. చాలా కేంద్రాలు పాత చిన్న జాలీలు తీసేసి, ఎన్నో రెట్లు పెద్ద వైశాల్యమున్నవి పెట్టుకున్నాయి. కన్నం సన్నం చేస్తే తీరే సమస్య కాదది.

మిల్లు గోడ దాటి తోటల్లోకి వస్తే, 2003 నవంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకంతో ఫిల్టరు రైతు సామగ్రి అయింది. డ్రిప్పరు దారి మిల్లీమీటరు మేర ఉంటుంది, దానికి పదో వంతు కన్నమున్న జాలి కావాలని వాడుక లెక్క. 120 మెష్ జాలి అంటే సుమారు 130 మైక్రాన్లు. బోరు నీటిలో ఇసుక వస్తే ముందు హైడ్రోసైక్లోన్, చెరువు నీరైతే పాచి కోసం ఇసుక ఫిల్టరు, ఆ తర్వాతే జాలి లేదా డిస్క్. అన్ని నీళ్లకూ ఒకే జాలి ఫిల్టరు అంటగట్టే డీలరు మాట వింటే, నష్టం రెండో పంటకు తెలుస్తుంది.

డోలమైటు నేలలో బోరు నీటితో మరో చిక్కుంది. రాయిలోంచి కరిగి వచ్చిన సున్నం జాలిలోంచి దర్జాగా దాటిపోయి, డ్రిప్పరు మూతిలో నీరు ఆరాక తెల్లగా గడ్డ కడుతుంది. దాన్ని కరిగించడానికి రైతు లైనులోకి పలుచని ఆమ్లం ఎక్కించి కడుగుతాడు. కార్బనేటు ఆమ్లాన్ని తాగేస్తుందన్న గుణమే మిల్లుకు ఆమ్లాన్ని దూరం చేసింది, డ్రిప్పు రైతుకు అదే ఆమ్లాన్ని మందుగా ఇచ్చింది.

కరిగినదాన్ని ఏ జాలీ పట్టదు. ఇది తుమ్మలపల్లె వాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాల్సిన సంగతి. మిల్లు వ్యర్థాలను నిల్వ చేసే చెరువు (టెయిలింగ్స్ పాండు) వల్ల భూగర్భ జలాలు చెడుతున్నాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని కె.కె. కొట్టాల గ్రామ రైతులు ఫిర్యాదు చేశారు, యూసీఐఎల్ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. బోరుకు ఎంత సన్నని ఫిల్టరు బిగించినా ఆ తగాదా తీరదు, నీరు తేటగా కనబడినంత మాత్రాన మంచిదనీ చెప్పలేం. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. అంత తక్కువ మోతాదును కనిపెట్టగలిగేది ప్రయోగశాల పరీక్ష ఒక్కటే.