డాకర్‌కు ముందరి ఏడేళ్లు

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్లలో కంటైనర్ల పాఠం మామూలుగా డాకర్‌తో మొదలవుతుంది. 2013లో సాలమన్ హైక్స్ దాన్ని లోకానికి చూపించాడనీ, కంటైనర్ అంటే తేలికపాటి వర్చువల్ మెషీన్ అనీ చెబుతారు. ఈ కథలో కాలమూ పొసగదు, లక్షణమూ పొసగదు.

1972 నాటి ఐబీఎం వీఎం/370, 1979లో యునిక్స్ క్రూట్, 2000లో ఫ్రీబీఎస్‌డీ జైల్స్, ఆ తర్వాత సొలారిస్ జోన్లు అందరికీ తెలిసినవే. అసలు చర్చించాల్సింది 2006-2013 మధ్యకాలం. ఓపెన్‌వీజెడ్ ప్రాజెక్టు అప్పటికే మొత్తం కంటైనర్‌ను లినక్స్ కెర్నెల్‌పై ప్యాచ్‌గా నడిపిస్తోంది. ప్రధాన లినక్స్ కెర్నెల్ మాత్రం దాన్ని గంపగుత్తగా తీసుకోలేదు, ఒక్కో ఉపవ్యవస్థనే విడదీస్తూ వచ్చింది. ఇలా విడదీసిన ఒక్కో ముక్కనే నేమ్‌స్పేస్ అంటారు. 2006 చివర్లో హోస్ట్‌నేమ్, ప్రాసెస్‌ల మధ్య సంభాషణ (ఐపీసీ) విడిపోయాయి. 2008 జనవరిలో 2.6.24 వెర్షన్‌తో ప్రాసెస్ నంబర్ల విభజనా, వనరుల వాడకానికి హద్దు పెట్టేందుకు గూగుల్‌లో పాల్ మెనేజ్ మొదలుపెట్టిన సీగ్రూప్సూ వచ్చాయి.

ఈ పని ఎవరు చేశారనేదానికి సాక్ష్యం సోర్స్ కోడ్‌లోనే ఉంది. ప్రాసెస్ నంబర్ల ఫైలు తలభాగంలో 2007 సంవత్సరంతో రెండు పేర్లు కనిపిస్తాయి: ఓపెన్‌వీజెడ్‌కు చెందిన పావెల్ ఎమెల్యానోవ్, ఐబీఎంకు చెందిన సుకదేవ్ భట్టిప్రోలు. షెడ్యూలర్ ఫైలులో గ్రూపు షెడ్యూలింగ్ మెరుగుదలలకు 2007 సంవత్సరంతో శ్రీవత్స వడ్డగిరి పేరుంది. మెమరీ నియంత్రణ ఫైలులో బల్బీర్ సింగ్ పేరు ఉంది. మనవాళ్లే అంతా చేశారని దీనికి అర్థం కాదు. డాకర్ ఇమేజ్ పద్ధతి లేకపోతే ఈ పని ఇంతగా వ్యాపించేదీ కాదు. అయినా పునాది వేసినవాళ్ల పేర్లు పాఠంలో లేకపోవడం అన్యాయం.

ముక్కలుగా విడదీసిన తీరు ఫలితం నేటికీ కనిపిస్తుంది. కంటైనర్ లోపల 1 నంబరుగా నడిచే ప్రాసెస్‌కు బయట మరో నంబరు ఉంటుంది. అది ముగిసిపోతే ఆ నేమ్‌స్పేస్‌లోని ప్రాసెస్‌లన్నిటినీ కెర్నెల్ చంపేస్తుంది. అదే కంటైనర్‌లో మెమరీని చూపే ఫ్రీ కమాండ్ కొడితే మాత్రం మామూలుగా మొత్తం మెషీన్ మెమరీ కనిపిస్తుంది. విడదీయనిదంతా ఉమ్మడిదే. యూజర్ నంబర్లను విడదీసే యూజర్ నేమ్‌స్పేస్ 2013 ఫిబ్రవరిలో 3.8తో ఒక రూపానికి వచ్చినా, డాకర్ దాన్ని అందుకున్నది 2016లో. ఇప్పటికీ మామూలు సెట్టింగుల్లో అది ఉండదు. అంటే కొన్ని అధికారాలు కత్తిరించినా, లోపలి రూట్ బయటి రూటే. కెర్నెల్ ఒక్కటే కనుక అందులో లోపం దొరికితే అందరికీ ముప్పే. 2018లో అమెజాన్ ఫైర్‌క్రాకర్‌తో మళ్లీ చిన్న వర్చువల్ మెషీన్ల దారి పట్టడానికి ఈ భయం ఒక ముఖ్య కారణం.

కమాండ్లు బట్టీపట్టిస్తే ఉద్యోగం రావచ్చు, సర్వర్ భద్రత రాదు. ఏది విడిపోయిందో, ఏది ఉమ్మడిగా మిగిలిందో విద్యార్థి తన కళ్లతో చూడాలి. అందుకే డాకర్ కన్నా ముందు, ఒక్కో నేమ్‌స్పేస్‌ను విడిగా సృష్టించి చూపే అన్‌షేర్ కమాండ్ నేర్పాలి.