తొలి పంచె

పిల్లవాడికి పంచెల వేడుక తలపెట్టగానే ఇక్కడి తల్లిదండ్రులకు ఎదురయ్యే ప్రశ్న: ఏ పంచె కట్టించాలి? ఈ దేశంలోనే స్థిరపడిన మరొక జాతి కథ మనకు దారి చూపుతుంది.

స్కాట్లండు కొండవాసుల కిల్టు కూడా మొదట మన పంచెలాగే కుట్టని వస్త్రం. పొడవాటి ఉన్నిగుడ్డను కుచ్చెళ్ళు పోసి నడుముకు బెల్టుతో బిగించేవారు. కలోడెన్ యుద్ధంలో వారి తిరుగుబాటును అణచిన బ్రిటిష్ ప్రభుత్వం 1746లో, సైనికులకు తప్ప తక్కిన మగవారికి ఆ కట్టును నిషేధించింది. 1782లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. 36 ఏళ్ళయినా కట్టు చావలేదు! ఉత్తర కరోలినాలో 1956లో మొదలైన గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ క్రీడోత్సవాలకు వారి సంతతివారు కిల్టులతో సగర్వంగా వస్తారు.

మన పంచెను ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. మనమే మడిచి పెట్టెలో పెట్టాము.

కనుక తొలి పంచె నూలుదే కావాలి. పట్టు జారుతుంది, పిల్లవాడు బెదురుతాడు. పెద్దల ఎనిమిది మూరల పంచె వాడికి బరువు. మంగళగిరి నేతలోనో, పొందూరు ఖద్దరులోనో వాడి ఎత్తుకు తగినది ఎంచండి. ఎలాస్టిక్ పెట్టి కుట్టినది ఒక్క పూటకే. కుచ్చెళ్ళు దోపి గోచీ పోయడం వస్తే జన్మంతా ఉంటుంది. వేడుకకు వారం ముందే తాతగారి చేత నేర్పించండి.

చట్టమే చంపలేని కట్టు ఉన్న లోకంలో, మన కట్టును మన బద్ధకానికి బలి కానివ్వరాదు.