గ్లాస్టన్‌బరీ హాథార్న్: అంటుకట్టిన వారసత్వం

ఇంగ్లండులో పొలాల గట్లమీద, ఇళ్ళ తోటలలో కంచెగా పెంచే హాథార్న్ గులాబీ కుటుంబానికి చెందిన ముళ్ళచెట్టు. సాధారణంగా అది మే మాసంలో తెల్లని పూలు పూచి, శరత్కాలానికి ఎర్రని చిరుఫలాలతో నిండుతుంది. నైరుతి దిక్కున సోమర్‌సెట్ ప్రాంతంలోని గ్లాస్టన్‌బరీ పట్టణపు హాథార్న్ మాత్రం ఏటా రెండుమార్లు, వసంతంలోను, తిరిగి క్రిస్మస్ ప్రాంతంలోను పూస్తుంది.

ఈ శీతకాలపు పూతను 1520లో ముద్రితమైన ఒక ఆంగ్ల పద్యకృతి పేర్కొన్నది. క్రీస్తు దేహాన్ని సమాధిచేసిన అరిమతయియ యోసేపు అక్కడి వియరీఆల్ కొండపై తన చేతికర్రను నాటగా అది చిగురించిందనే ఐతిహ్యం తరువాత వ్యాపించింది. 1640ల అంతర్యుద్ధ కాలంలో, ఇటువంటి భక్తిని మూఢవిశ్వాసంగా ఎంచిన పార్లమెంటు పక్షంవారి చేతిలో ఆ చెట్టు నేలకూలింది.

అయినా ఆ రకం అంతరించలేదు. దాని కొమ్మలు అప్పటికే ఇతర తోటలకు చేరి ఉన్నాయి. ఈ చెట్టు గింజ మొలకెత్తడానికి తరచు రెండు శీతకాలాలు పడుతుంది. మొలిచినా అది మామూలు హాథార్నే అవుతుంది. రెండుమార్లు పూచే గుణం నిలవాలంటే, మనవారు మామిడికి చేసినట్లే, మామూలు హాథార్న్ మొక్కపై దీని కొమ్మను అంటుకట్టాలి. అంటుకు దిగువన వేరుమొక్క వేసే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచివేయాలి. ఏమరితే ఆ చిగుళ్ళే బలిసి అంటుకొమ్మను అణచివేస్తాయి.

ఈ అంటుచెట్లపై ప్రజలకు గల విశ్వాసం 1752లో వెల్లడయింది. ఆ సెప్టెంబరులో బ్రిటన్ నూతన పంచాంగాన్ని స్వీకరించి పదకొండు దినాలను తొలగించింది. డిసెంబరు 24 రాత్రి బకింగ్‌హామ్‌షైర్‌లోని క్వెయింటన్ గ్రామంలో రెండువేలమందికి పైగా దీపాలతో ఇటువంటి చెట్టుచుట్టూ చేరారని నాటి పత్రిక తెలిపింది. చెట్టు పూయలేదు, కనుక కొత్త తేదీన వచ్చినది నిజమైన క్రిస్మస్ కాదని వారు నిర్ణయించుకున్నారు. శాసనం మార్చిన తేదీకి చెట్టు సాక్ష్యాన్ని వారు కోరారు.

వియరీఆల్ కొండపై తిరిగి నాటిన చెట్టు కొమ్మలను 2010 డిసెంబరులో దుండగులు నరికివేశారు. 2019లో దాని మోడును కూడా తొలగించారు. కాని పట్టణంలోని సెయింట్ జాన్ చర్చి ఆవరణలో అదే వంశపు చెట్టు ఉన్నది. దాని పూలకొమ్మను క్రిస్మస్‌కు ముందు రాజప్రాసాదానికి పంపడం ఆచారం. నాలుగు శతాబ్దాలుగా ఈ వారసత్వాన్ని కాపాడినవారు, చెట్టు పడిపోకముందే మరొక అంటు కట్టి ఉంచిన తోటమాలులు.