ఎల్లలెఱుగని వ్యాధులు – ఏకమైన రాజ్యములు



రాజ్యములకు ఎల్లలు గలవు, వ్యాధులకు లేవు. ఈ మాట అందఱెఱిగినదే. కాని యెఱిగినదానిని ఆచరణమున పెట్టుటకు లోకమునకు ఎంతకాలము పట్టెనో, అది యేరీతిని సాధ్యమయ్యెనో నేడు చరిత్రవలన తెలిసికొందము.

పందొమ్మిదవ శతాబ్దమున విషూచి, అనగా కలరా, గంగాముఖ ప్రాంతమునుండి బయలుదేఱి ఓడలవెంటను యాత్రికులవెంటను ఐరోపాఖండమును పలుమాఱులు ముట్టడించెను. ప్రతిరాజ్యమును తన రేవులో తనకు తోచిన నిర్బంధమును విధించుచుండెను. ఒకచోట ఓడను కొలదిదినములు, వేఱొకచోట వారములకొలది నిలుపుచుండిరి. సరకు చెడుచుండెను, వర్తకులు మొఱపెట్టుచుండిరి, వ్యాధి మాత్రము ఆగలేదు.

1851వ సంవత్సరమున పండ్రెండు రాజ్యములవారు పారిసునగరమున సభ చేసిరి. ఒక్కొక్క రాజ్యము ఒక వైద్యుని, ఒక రాయబారిని పంపెను. వ్యాధికారణము వైద్యునికి తెలియదు. తన వర్తకమునకు నష్టము కలుగుట రాయబారికి ఇష్టములేదు. ఆఱునెలలు చర్చించినను నిలుకడగల ఫలితము కలుగలేదు. ఊరికొక దారి, ఉలిపికట్టె కొక దారి యన్నట్లే యుండెను. 1883, 1884 సంవత్సరములలో రాబర్టు కోకు పండితుడు ఈజిప్టులోను, పిదప కలకత్తాలోను పరిశోధించి విషూచిక్రిమిని నిరూపించెను. 1892లో వెనిసునగరమున, సూయజు కాలువను దాటు ఓడలనుగూర్చి, మొదటి ఒడంబడిక కుదిరెను. నడుమ గడచినవి 41 సంవత్సరములు!

ఇందొక విశేషము గమనింపదగినది. లోకమంతటికి కుదరని పొత్తు ఒక్క జలమార్గమునకు ముందుగా కుదిరినది. అటుపిమ్మట 1902లో అమెరికాఖండపు రాజ్యములు వాషింగ్టనునగరమున తమకొక ఆరోగ్యకార్యాలయమును నెలకొల్పుకొనెను. 1925లో నానాజాతిసమితి సింగపూరున నొక కార్యస్థానమును తెఱచెను. ఆసియాతీరపు రేవులనుండి వారమువారము తంతివార్తలు అచటికి చేరుచుండెను. ఏ రేవున ప్లేగు, ఏ రేవున మశూచికము గలదో క్రోడీకరించి రేడియోద్వారా ప్రకటించుచుండిరి. నడిసముద్రముననున్న నావికుడు రేవు చేరకమునుపే యచటి క్షేమము నెఱుగుచుండెను. రేడియో వినోదమునకే గాక ప్రాణరక్షణకును అక్కఱకువచ్చిన యీ యుదంతము రేడియోశ్రోతలు మఱువరానిది. 1942లో సింగపూరు జపానువారి వశమగుటతో ఆ నగరమున ఆ పని నిలిచెను.

యుద్ధానంతరము, 1946లో న్యూయార్కున ప్రపంచారోగ్యసంస్థను నిర్మింప పూనినపుడు పెద్దచిక్కు వచ్చెను. లోకమునకు ఒకే సంస్థ చాలునని కొందఱు వాదించిరి. తమ పాతకార్యాలయమును విడువమని అమెరికాఖండమువారు పట్టుపట్టిరి. ఉభయులును కొంత తగ్గిరి. 1949 నాటి ఒప్పందముచే ఆ కార్యాలయమే తన పేరును నిలుపుకొని, ప్రపంచసంస్థకు మండలకార్యాలయముగను పనిచేయసాగెను. ఒకే మనుజుడు తన యింటికి యజమానియు, ఊరికి పెద్దయునైనట్లు! 1948 ఏప్రిలు 7వ తేదీన సంస్థ నిబంధనావళి అమలునకు వచ్చెను. లోకము ఆఱు మండలములుగా ఏర్పడెను. ఆగ్నేయాసియా మండలకార్యాలయము 1949లో మన న్యూఢిల్లీయందే వెలసెను.

ఈ యేర్పాటు ఫలమునకు ఒక్క దృష్టాంతము చాలును. బాలుర కాళ్లను చచ్చుపఱచు పోలియో మన దేశమున సహజరూపమున తుదిసారి కానవచ్చినది 2011 జనవరిలో. కాని దాని నిర్మూలనమునకు ధ్రువపత్రము ఒక్కొక్క దేశమునకుగాక మండలమంతటికి నిత్తురు. పొరుగునాట నొక్క శిశువునకు ఆ వ్యాధి మిగిలినను మనకు ధ్రువపత్రము లేదు. కావున 2014 మార్చి 27వ తేదీన పదునొకండు దేశములు ఒక్కసారిగా ఆ పత్రమును పొందినవి. పొరుగువాని బిడ్డను కాపాడుటయే మనబిడ్డను కాపాడుకొనుట యని శాసనమే బోధించినట్లయ్యెను.

2025 మే నెలలో సభ్యరాజ్యములు మహామారులనుగూర్చి మఱియొక ఒడంబడికను అంగీకరించెను. రోగాణువులను పరిశోధనకై యిచ్చిన దేశమునకు టీకాలలో పాలెంత యను చిక్కుముడిని మాత్రము ఆనాడు అనుబంధమునకు వదలిరి. పారిసుసభలో లోపించినది జ్ఞానము. నేడు జ్ఞానము గలదు. పంచుకొను బుద్ధి కొఱవడినచో మఱల నలువదియొక్క సంవత్సరములు వేచియుండుటకు రోగులకు తీఱికలేదు. ప్రతిమండలము తన యింటిని చక్కబెట్టుకొనుచు పొరుగింటికి చేయందించుటయే లోకారోగ్యమునకు త్రోవ యని యీ చరిత్ర మనకు చెప్పుచున్నది.