గల్లా మండీ హిసాబ్



మా ఆపా కూతురు ఎంబీఏ చదువుతోంది. కంపెనీల్లో సప్లై చైన్ మీద ప్రాజెక్టు రాస్తోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మొదటి చాప్టర్ నా చేతిలో పెట్టి, “మామూ, తప్పులుంటే చెప్పండి” అంది. తప్పులేం లేవు. కానీ తారీఖ్ అంతా రెండు పేజీల్లో అయిపోయింది. ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ, తర్వాత టొయోటా, అంతే. “బేటీ, ఢిల్లీ గల్లా మండీ ఏదీ?” అన్నాను. అర్థం కానట్టు చూసింది. ఆ రోజు తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

అలావుద్దీన్ ఖిల్జీ 1296 నుంచి 1316 దాకా ఢిల్లీ సుల్తాన్. 1303లో మంగోలులు ఢిల్లీని చుట్టుముట్టి పోయాక అతనికి పెద్ద ఫౌజు కావాల్సొచ్చింది. ఒక సవారుకు ఏడాదికి 234 టంకాల తన్‌ఖా. అంతకన్నా ఎక్కువిస్తే ఖజానా ఖాళీ అవుతుంది. ఆ తన్‌ఖాలో సిపాయి ఇల్లు గడవాలంటే బజారులో ధర దిగాలి. ఈ కథంతా జియావుద్దీన్ బరనీ 1357లో ముగించిన ‘తారీఖ్-ఎ-ఫిరోజ్‌షాహీ’లో రాసిపెట్టాడు.

గోధుమలు మన్‌కు ఏడున్నర జీతల్. బియ్యం అయిదు, శనగలు అయిదు, బార్లీ నాలుగు. ఇవి సర్కారు కట్టిన ధరలు. ధర కట్టడం ఏ హాకిమైనా చేయగలడు. ఆ ధరకు సరుకు దొరికేలా చూడటమే కష్టం.

అందుకని గొలుసులో ఒక్కో కడియాన్నీ బిగించారు. గంగా యమునల మధ్య దోఆబ్‌లోని ఖాల్సా గ్రామాల నుంచి శిస్తును ధాన్యంగానే తీసుకుని సర్కారు గోదాముల్లో నింపారు. మిగిలిన గల్లాను రైతు ఇంటికి తీసుకెళ్లకముందే, పొలం దగ్గరే, కట్టిన ధరకు కారవానీలకు అమ్మాలి. కారవానీలంటే ఎద్దుల మీద ధాన్యం మోసే సంచార వ్యాపారులు. దాచిపెట్టడం, అంటే ఇహ్తికార్, జుర్మ్. మండీ మీద మలిక్ ఖబూల్‌ను షహ్నాగా పెట్టారు. ధరల ఖబర్ సుల్తానుకు మూడు దారుల్లో చేరేది. షహ్నా ఒకటి పంపుతాడు, బరీద్ ఒకటి, రహస్య మున్హీలు ఒకటి. మూడింట్లో తేడా వస్తే షహ్నాకు మూడినట్టే. వానల్లేని ఏడు ధర అర జీతల్ పెంచుదామన్నందుకు షహ్నాకు దెబ్బలు పడ్డాయని బరనీ రాశాడు. కరువులో ఒక్కో మొహల్లా దుకాణదారుకు రోజుకింత అని లెక్కగట్టి గల్లా ఇచ్చారు.

“మామూ, ఇది ఇన్వెంటరీ, డిమాండ్, ఆడిట్ కదా!” అంది పిల్ల. కదా మరి.

కానీ బరనీ ఇంకో మాట కూడా రాశాడు. కారవానీల పెద్దలు ముందు ఒప్పుకోలేదు. వాళ్లను సంకెళ్లు వేసి షహ్నాకు అప్పగించారు. ఒకరికొకరు జామీను ఉంటామని, పెళ్లాంపిల్లలతో, ఎడ్లతో యమునా ఒడ్డు గ్రామాల్లోనే ఉంటామని ఒప్పుకునేదాకా వదల్లేదు. ఆ తర్వాత సర్కారు గోదాములు ముట్టనక్కర లేనంత ధాన్యం వచ్చిందట. ఢిల్లీలో చౌకగా రొట్టె తిన్నవాడి దువా నిజమే. సంకెళ్లలో ఉన్న కారవానీ, పంటలో సగం శిస్తు కట్టిన రైతు పెట్టిన ఆహ్ కూడా నిజమే.

ఆ ఫౌజే మన వరంగల్‌కూ వచ్చింది. 1310లో మలిక్ కాఫూర్ ముట్టడి సాగుతుండగా దారిలోని టపా చౌకీలు తెగిపోయాయి. నలభై రోజులు సుల్తానుకు ఖబర్ లేదు. గోధుమ గింజ లెక్క కూడా తెలిసిన మనిషి, తన సైన్యం బతికుందో లేదో తెలియక, హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి మనుషుల్ని పంపి అడిగించాడు. మన కాకతీయ ప్రతాపరుద్రుడు లొంగిపోయాడన్న వార్త ఢిల్లీకి ఫతే. తెలుగు గడ్డ మీద పుట్టిన నాకు దాన్ని ఫతే అని రాయడానికి కలం ఆడదు.

ఆ షహర్‌లోనే, ఆ రోజుల్లోనే, హజ్రత్ ఖాన్‌ఖాలోనూ ఒక గోదాము ఉండేది. లంగర్‌కు వచ్చిన ధాన్యం వచ్చినట్టే ఆకలిగొన్నవాళ్లకు వెళ్లిపోయేది. జుమా రోజున నమాజుకు ముందే కొట్టు ఖాళీ చేయించేవారట. సుల్తాన్ నింపి ఉంచితే, వలీ ఖాళీ చేసి ఉంచాడు.

1316లో అలావుద్దీన్ పోయాడు. కొడుకు ముబారక్ షా కాలంలో మండీ కాయిదాలన్నీ ఊడిపోయాయి, ధరలు పైకెళ్లాయి. ఖౌఫ్ మీద నిలబడ్డ గొలుసు, భయపెట్టే మనిషి లేకపోతే నిలవదు. లంగర్ మాత్రం ఇవాళ్టికీ నడుస్తోంది.

పిల్ల రాసుకుంటూనే అడిగింది: “మరి దీన్ని నా ప్రాజెక్టులో ఎక్కడ పెట్టను మామూ?”

“మొదటి పేజీలోనే పెట్టు బేటీ. కంపెనీ సరుకు ఎంత తొందరగా చేరిందో లెక్కగట్టేటప్పుడు, దాన్ని మోసినవాడి హిసాబ్ కూడా ఒక కాలమ్‌లో రాయి. లారీ డ్రైవరు, గోదాము హమాలీ, మన ఇంటికి పొట్లం తెచ్చే కుర్రాడు. వాళ్లలో మనవాళ్లెందరో నీకు తెలుసు. రిజ్క్ అల్లాహ్ ఇస్తాడు. దాన్ని చేర్చేవాడి మెహనత్ మన మీద అమానత్.”

సార్ ఒప్పుకుంటారో లేదో తెలియదు. పిల్ల మాత్రం ఆ కాలమ్ గీసింది.

అల్లాహ్ హాఫిజ్.